నాలుగు కళ్ళు, ఒక్క తెర

పదకొండో బెడ్ మీది ముసలమ్మ పక్కకి తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుంది.

ఉదయం ఆరింటికి నర్సు పిలిచింది. పలకలేదు. భుజం పట్టుకుని కుదిపింది. భుజం చల్లగా ఉంది.

దిండు కింద ఒక సూది, నీలం దారపుండ ఉన్నాయి. ఆవిడ ఒకప్పుడు బట్టలు కుట్టి బతికింది. వార్డులో చేరాక నర్సుల యూనిఫారాలకి ఊడిన అంచులన్నీ కుట్టిపెట్టింది. ఆవిడని చూడటానికి మాత్రం ఒక్క పురుగు కూడా రాలేదు.

చెత్తడబ్బాలో ముందు రోజు సాయంత్రం వాడిన ఇన్సులిన్ సిరంజి దొరికింది. దాని లేబుల్ మీద నలభై యూనిట్లు అని ఉంది.

డాక్టర్ రాసింది నాలుగు.

ఒక్క సున్నా. అది ఆవిడ ఒంట్లో ఉన్న చక్కెరంతా తోడేసింది. నిద్రలోనే పోయింది, బాధ తెలియలేదు అన్నాడు డాక్టర్. పోయినవాళ్ళు తిరిగొచ్చి కాదనరు కాబట్టి డాక్టర్లు ఈ మాట ధైర్యంగా అంటారు.

కబురు విన్న ఆసుపత్రి డైరెక్టర్ మొదట అడిగింది ఒక్కటే.

"ఆవిడకి ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్."

"అమ్మయ్య" అన్నాడు డైరెక్టర్. చుట్టూ చూసి, "పాపం" అని కూడా అన్నాడు.

నర్సు తన యూనిఫారం అంచుకేసి చూసుకుంది. వరండాలోకి వెళ్ళి పోలీసులకి ఫోన్ చేసింది.

* * *

ఇన్‌స్పెక్టర్‌ని స్టేషన్‌లో వెనకాల జలగ అంటారు. పట్టుకుంటే వదలదని. ఎదురుగా మాత్రం మేడమ్ అంటారు. ఆమెతో వచ్చిన హెడ్ కానిస్టేబుల్ రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి. ఆయన్ని ఆమె బాబాయ్ అంటుంది.

సిరంజిలు నింపేది వార్డులో కాదు, కింది అంతస్తులోని ఫార్మసీలో. కిటికీ లేని గది. గోడ పొడుగునా ఫ్రిజ్‌లు. బల్ల మీద ఒకే ఒక్క కంప్యూటర్. డాక్టర్ పైన రాసింది ఇక్కడ తెరమీద కనపడుతుంది. ఒకరు పైకి చదవాలి. రెండోవారు తెర చూసి సరే అనాలి. అప్పుడు తెరమీద ఉన్నదే లేబుల్ మీద ప్రింటవుతుంది, సిరంజి నిండుతుంది, ట్రేలో పైకి వెళ్తుంది. నాలుగు కళ్ళు చూస్తే తప్పు జరగదని ఆ ఆసుపత్రి వాళ్ళ నమ్మకం.

చీఫ్ ఫార్మసిస్టుకి ఏభై ఎనిమిదేళ్ళు. కంటి వెనక నరం దెబ్బతిని చూపు ఏటికేడాది తరుగుతోంది. తెరకి జానెడు దూరంలో ముక్కు పెట్టి చదువుతాడు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. ఆయనకి వినపడేటట్టే అంటారు.

"ఆ సాయంత్రం చదివింది ఎవరు?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"నేనేనమ్మా."

"ఏమని చదివారు?"

"నలభై అని."

"ఎక్కువ అనిపించలేదా?"

"అదే వార్డులో ఇద్దరికి నలభై పైనే వెళ్తుంది. మనిషిని బట్టి ఉంటుంది."

"తెరమీద నిజంగా నలభై ఉందా?"

ఆయన తెర వైపు తిరిగాడు. "ఉన్నట్టే చదివాను."

"ఉందా, ఉన్నట్టు చదివారా?"

ఆయన కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు. పక్కనే నిలబడ్డ అసిస్టెంటు అమ్మాయి కల్పించుకుంది.

"నలభయ్యే మేడమ్. నేనూ చూశాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి కదా."

అన్నాక నాలిక కరుచుకుంది. ముసలాయన నేల చూపులు చూశాడు.

"డాక్టర్ కంప్యూటర్‌లో నాలుగు. సర్వర్‌లో నాలుగు. కిందకొచ్చేసరికి నలభై" అన్నాడు కానిస్టేబుల్. "మెట్లు దిగేటప్పుడు సున్నా ఎక్కడ ఎక్కిందమ్మా?"

"ఆ సంగతి నేను చెప్తాను" అంది గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు.

ఇస్త్రీ చొక్కా, మెళ్ళో ఐడీ కార్డు, ఎక్కడా మరక లేని బూట్లు. ఆసుపత్రి కంప్యూటర్ల సెక్యూరిటీ చూసే ఆఫీసర్. ఈయనకీ ఒక పేరుంది. తాళం. ఆ పేరంటే ఈయనకి గర్వం.

* * *

తాళం గది మూడో అంతస్తులో ఉంది. లోపలికి వెళ్ళాలంటే ఆయన వేలు పెట్టాలి. లోపల ఉన్న పెద్ద కంప్యూటర్ తెరవాలన్నా ఆయన వేలే పెట్టాలి.

"బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ అంటే తెలుసా మేడమ్?"

"తెలియదనుకునే చెప్పండి."

"బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. ఒకటి అక్షరాలు పెద్దవి చేస్తుంది. ఒకటి ప్రకటనలు దాస్తుంది. ఒకటి భాష మారుస్తుంది. పెట్టుకునేటప్పుడు ఒక హెచ్చరిక వస్తుంది. మీరు తెరిచే ప్రతి పేజీనీ ఇది చదవగలదు, మార్చగలదు అని. జనం ఏం చేస్తారు? చదవకుండా సరే నొక్కేస్తారు."

"మార్చగలదా?"

"నాలుగుని నలభై చెయ్యగలదు. సర్వర్‌లో నాలుగు నాలుగుగానే ఉంటుంది. ఆ ఒక్క తెరమీద మాత్రం అబద్ధం కనపడుతుంది."

"దొంగ ఎక్స్‌టెన్షన్లే కదా అలా చేసేది. మంచివి పెట్టుకుంటే?"

ఆయన నవ్వాడు. "ఇవాళ మంచిదే. రేపు దాన్ని రాసినవాడు ఎవడికో అమ్మేస్తాడు. కొన్నవాడు అప్‌డేట్ పంపుతాడు. పేరు అదే, బొమ్మ అదే, లోపల మనిషి వేరు. మీకు తెలియనే తెలియదు. అందుకే ఇక్కడ అన్నీ మూసేశాను."

అది తప్పు మాట కాదని ఇన్‌స్పెక్టర్‌కి అనిపించింది. ఆయన చెప్పే తీరే ఆమెకి నచ్చలేదు.

"మరి ఫార్మసీలో ఎలా వచ్చింది?"

"భూతద్దం ఆసుపత్రి బోర్డు సభ్యుల దగ్గర ఏడ్చాడు. పెద్దక్షరం అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, అది లేకపోతే పని చెయ్యలేను, మనిషికి తన తెర తనకి కనపడే హక్కుండాలి అని. బోర్డు కరిగిపోయింది. ఆ కంప్యూటర్‌కి సందు తెరవక తప్పలేదు. ఒక్కడికిచ్చారా, ఇంకో పదిమంది క్యూ కట్టారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, కళ్ళు కనపడనివాడు ఇంటికి పోవాలి గానీ తెరని తప్పుపడతాడా?"

"చంపింది పెద్దక్షరమా?"

"కాదు. ఇది."

ఆయన ఒక రంగు ప్రింటు ముందు పెట్టాడు. ఫార్మసీ కంప్యూటర్‌లోని ఎక్స్‌టెన్షన్ల పేజీకి తీసిన స్క్రీన్‌షాట్. రెండు గళ్ళు. పై గడిలో పెద్దక్షరం. దాని కింద రెండు బటన్లు: వివరాలు, తొలగించు. రెండో గడిలో రంగుగీత. దాని కింద వివరాలు అన్న బటన్. రంగుగీత అన్న మాట చుట్టూ ఆయనే ఎర్ర పెన్నుతో లావుగా సున్నా చుట్టాడు.

"రంగుగీత. చదివే వరుస కింద రంగు వేస్తానంటుంది. చేసేది వేరే. సందు తెరిచి ఉంది కదా అని ముసలాడు దీన్ని కూడా పెట్టుకున్నాడు. ఉదయం కబురు తెలియగానే ఫొటో తీశాను. తర్వాత కంప్యూటర్ మొత్తం తుడిచేశాను. బోర్డు ఆర్డరుంది కాబట్టి పెద్దక్షరం ఒక్కటీ మళ్ళీ పెట్టుకోనిచ్చాను."

"సాక్ష్యం తుడిచేశారా?"

"పాకకుండా వెంటనే తుడవాలి. అది రూలు."

"రూలు ఎవరు రాశారు?"

"నేనే."

"మీ గదిలోకి, ఈ కంప్యూటర్‌లోకి ఇంకెవరైనా రాగలరా?"

"నా వేలు ఉంటేనే. నా కింద పనిచేసేవాళ్ళక్కూడా ఇవ్వను. డైరెక్టర్‌కీ ఇవ్వను. మనుషుల్ని నమ్మితే సెక్యూరిటీ ఎందుకు?"

కానిస్టేబుల్ ఆ ప్రింటుని తలకిందులు చేసి కూడా చూశాడు. ఆయనకి ఎర్ర సున్నా తప్ప ఏమీ కనపడలేదు.

* * *

డైరెక్టర్‌కి తొందరగా ఉంది.

"రంగుగీత పెట్టుకున్నది ఆ ఫార్మసిస్టే కదా. నిర్లక్ష్యం వల్ల చావు. సాయంత్రంలోగా అరెస్ట్ చేస్తే పత్రికలకి నేను చెప్పుకోవచ్చు."

"జైలుకి పోతాడు సార్. లైసెన్స్ పోతుంది."

"గుడ్డికన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంత? ఎలాగూ పోవాల్సినవాడే."

ఇన్‌స్పెక్టర్ ఆయన్ని కాసేపు చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఎంత చెడ్డదో తెలిసిన కానిస్టేబుల్ ఒకడుగు వెనక్కి వేశాడు.

పైన వార్డులో నర్సు ట్రేలు సర్దుతోంది.

"సిరంజి ఇచ్చేముందు డాక్టర్ రాసింది చూడవా?"

"ఇదివరకు చూసేవాళ్ళం మేడమ్. వార్డు కంప్యూటర్‌లో కనపడేది. ఈ మధ్య తీసేశారు. అవసరం లేనివాళ్ళకి పేషెంట్ సంగతులు కనపడకూడదట. ఇప్పుడు బెడ్ నంబరు, లేబుల్ చూసుకుని ఇచ్చేయడమే."

"తీసేసింది ఎవరు?"

"తాళం సార్." నర్సు చేతిలో ట్రే కింద పెట్టేసింది. "నలభై అని లేబుల్ చూసి ఇచ్చాను. నా చేత్తోనే ఇచ్చాను మేడమ్. ఆవిడ చెయ్యి చాపి, మెల్లిగా పొడువు తల్లీ అంది."

అని మొహం తిప్పేసుకుంది.

ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగుతూ లెక్క వేసుకుంది. కింద ఇద్దరు చూశారు. కానీ ఇద్దరూ ఒకే తెర చూశారు. తెర అబద్ధమాడితే నాలుగు కళ్ళున్నా ఒకటే, నలభై కళ్ళున్నా ఒకటే. పైన చూసే మూడో మనిషిని ముందే తప్పించేశారు.

ఎవరు పెట్టారు రంగుగీతని? అక్కడే ముడి పడింది.

* * *

ఫార్మసిస్టు ఇల్లు చిన్నది. గోడలకి తెల్లరంగు, గుమ్మాలకి నల్లరంగు. గుమ్మం కనపడాలని వేయించుకున్న రంగులు. ఆయన భార్య తలుపు తీసింది.

"అన్నం ముట్టలేదమ్మా ఈయన" అంది. "నువ్వైనా చెప్పు. నీ తండ్రి వయసుంటుంది."

ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కళ్ళజోడు.

"రంగుగీత సంగతి చెప్పండి."

"నాకు తెలియదమ్మా."

"ఎప్పుడూ చూడలేదా?"

"లేదు."

ఆయన బొటనవేలు కళ్ళజోడు అద్దాన్ని రుద్దుతూనే ఉంది. అద్దం శుభ్రంగానే ఉంది.

"మాస్టారూ, నేను మిమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చాను. అబద్ధం మీద తీసుకుపోవడం నాకిష్టం లేదు."

భార్య ఉలిక్కిపడింది. "ఏమండీ! నా మీద ఒట్టు. ఉన్నది చెప్పండి."

ఆయన కళ్ళజోడు పక్కన పెట్టాడు. తర్వాత కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండానే చెప్పాడు.

"చూశానమ్మా. ఆ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి తెర మూల కొత్త బొమ్మ ఉంది. నేను పెట్టలేదు. తీసేద్దామని ఆ పేజీ తెరిచాను. వివరాలు అన్న బటన్ కనపడింది. తొలగించు అన్నది కనపడలేదు. ముక్కు ఆనించి వెతికాను. అక్షరాలు ఇంకా పెద్దవి చేశాను. పక్కకి జరిగి చూశాను. కనపడలేదు."

"అసిస్టెంటుని పిలవలేదా?"

"ఎలా పిలుస్తానమ్మా? బటన్ కూడా కనపడట్లేదు అంటే మర్నాటికి నన్ను పంపించేస్తారు. నా కళ్ళే అనుకున్నాను. అందరికీ కనపడేది నాకు కనపడట్లేదు, అంతే అనుకున్నాను. వదిలేశాను. నేను నోరు తెరిచి అడిగుంటే ఆవిడ బతికేది."

ఇన్‌స్పెక్టర్ ఫైలులోంచి ప్రింటు తీసింది. మొదటిసారి ఎర్ర సున్నాని చెయ్యి పెట్టి మూసి చూసింది.

పెద్దక్షరం కింద రెండు బటన్లు.

రంగుగీత కింద ఒకటే.

బోలెడంత మంది ఆ కాగితం చూశారు. డైరెక్టర్ చూశాడు, డాక్టర్ చూశాడు, ఆమె చూసింది. ఉన్నది చూశారు గానీ లేనిది ఎవరూ చూడలేదు. లేదని చూసినవాడు ఈ ఒక్కడే. ఆయనేమో తన కళ్ళనే నమ్ముకోలేదు.

"మీ కంప్యూటర్ ఉందా ఇంట్లో?"

"ఉంది."

"దాంట్లోంచి ఒక ఎక్స్‌టెన్షన్ తీసి చూపించండి."

ఆయన ముక్కు ఆనించి, మూడు నొక్కుళ్ళలో తీసేశాడు. తొలగించు బటన్‌ని తడుముకోకుండా పట్టుకున్నాడు.

"బాబాయ్" అంది ఇన్‌స్పెక్టర్. "మనం వెళ్ళాల్సింది స్టేషన్‌కి కాదు. జడ్జిగారి దగ్గరికి."

భార్యకి ఏమీ అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని అడిగింది. "ఈయన్ని వదిలేస్తున్నావా అమ్మా?"

"ముందు అన్నం పెట్టండమ్మా."

* * *

మర్నాడు ఉదయం పదింటికి అందరూ తాళం గదిలోనే చేరారు. డైరెక్టర్, నర్సు, అసిస్టెంటు అమ్మాయి, ఫార్మసిస్టు. తాళం తన కుర్చీలో కూర్చున్నాడు. ఇంకెవరికీ కుర్చీ వెయ్యలేదు.

ఇన్‌స్పెక్టర్ ప్రింటుని గోడకి అంటించింది.

"ఇది మీరు తీసిన ఫొటోయేనా?"

"నేనే తీశాను."

"మార్పులు లేవు కదా?"

"నా సంతకం ఉంది. చూసుకోండి."

"యూజర్ తనంతట తాను ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే తనే తీసేసుకోవచ్చు. అవునా?"

"అవును."

"మరి సెక్యూరిటీ ఆఫీసర్ పైనుంచి బలవంతంగా పెడితే?"

ఆయన చూపు గోడ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"నేను చెప్పనా? మా డిపార్ట్‌మెంట్ టెక్నీషియన్‌ని అడిగాను. పైనుంచి పెట్టినదాన్ని కింద కూర్చున్నవాడు తీయలేడు. ఆ బటనే ఉండదు. పెద్దక్షరం కింద చూడండి, తొలగించు ఉంది. అది ఈయన ఇష్టపడి పెట్టుకున్నది. రంగుగీత కింద చూడండి. లేదు."

అసిస్టెంటు అమ్మాయి వంగి ఆ గడి చూసింది.

"మీరు ఎర్ర సున్నా చుట్టి పేరు చూపించారు. బటన్ వైపు మీ కన్నే పోలేదు. ఎందుకంటే అది యూజర్ల బటన్. మీరు ఎప్పుడూ యూజర్ కుర్చీలో కూర్చోలేదు. ఇక్కడ కూర్చుని పెడతారు, ఇక్కడ కూర్చుని తీస్తారు."

"ఊహ" అన్నాడు తాళం. "నా ఐడీ ఎవరైనా దొంగిలించి ఉండొచ్చు."

"ఐడీ చాలదు. వేలు కావాలి. కిందవాళ్ళక్కూడా ఇవ్వనని మీరే అన్నారు. మా బాబాయ్ సాక్షి."

"సాక్షినే" అన్నాడు కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ జడ్జి ఇచ్చిన ఆర్డరు బల్ల మీద పెట్టింది. "ఈ కంప్యూటర్‌లో ఎప్పుడు ఏది పెట్టారో, ఏది తీశారో ఒక లాగ్ ఉంటుంది. దాన్ని ఎవరూ, చివరికి మీరు కూడా, చెరపలేకుండా కట్టించింది మీరేనట. అవార్డు కూడా వచ్చిందటగా. వేలు పెట్టండి."

ఆయన పిడికిలి బిగించాడు.

"బాబాయ్."

కానిస్టేబుల్ వచ్చి ఆ చేతిని పట్టుకున్నాడు. ముసలి చెయ్యే గానీ గట్టిది. ఒక్కొక్క వేలూ విప్పి, చూపుడువేలుని యంత్రం మీద నొక్కిపట్టాడు. తాళం అన్న మనిషి చిన్నపిల్లాడిలా మూలిగాడు.

తెర తెరుచుకుంది. టెక్నీషియన్ చెప్పిన చోట ఇన్‌స్పెక్టర్ లాగ్ తెరిచింది.

ముసలమ్మ చనిపోయే ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి, ఫార్మసీ కంప్యూటర్‌కి రంగుగీత బలవంతపు ఇన్‌స్టాల్. మర్నాడు ఉదయం ఆరూ యాభైకి రద్దు. రెండుచోట్లా ఒకటే వేలు.

రంగుగీత కోడు కూడా అక్కడే ఉంది. నాలుగు వరుసలు. ఇన్సులిన్ పేజీలో పదకొండో బెడ్ వస్తే, అంకె పక్కన ఒక సున్నా చేర్చు. వేరే ఏ బెడ్‌నీ ముట్టుకోదు.

"కంచే చేను మేసింది" అన్నాడు కానిస్టేబుల్ గట్టిగానే.

"పదకొండో బెడ్ ఎందుకు?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

తాళం తలెత్తాడు. ఏడవలేదు. విసుగ్గా చూశాడు.

"బంధువులు అన్న గడి ఖాళీగా ఉంది. ఎవరికీ నష్టం లేని మనిషి కావాలి కదా."

నర్సు ముందుకు దూకింది. అసిస్టెంటు అమ్మాయి నడుం పట్టుకుని ఆపింది.

"నష్టం లేని మనిషా! నీకు నోరెలా వస్తోంది?"

"రెండేళ్ళు చెప్పాను" అన్నాడు తాళం, నర్సుని చూడకుండా. "ప్రతి మీటింగులో చెప్పాను. ఒక్క సందు తెరిస్తే ఇల్లంతా పోతుందని. నవ్వారు. ఒక గుడ్డివాడి ఏడుపు విని నన్ను పక్కన పెట్టారు. లెక్కలు చూపించాను, వినలేదు. రిపోర్టులు ఇచ్చాను, చదవలేదు. ఒక్క శవం లేచింది. నిన్నటి నుంచి అందరూ నా మాటే వింటున్నారు."

"ఇద్దరు చూస్తారు కదా, ఎవరో పట్టుకుంటారని అనుకున్నారా?"

"అనుకుంటే నర్సుల తెరలు ఎందుకు మూస్తాను?"

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, డైరెక్టర్ కూడా గోడకి ఆనుకున్నాడు.

ఫార్మసిస్టు మాత్రం ఇవేవీ వింటున్నట్టు లేడు. గోడ దగ్గరికి వెళ్ళి, ప్రింటుకి ముక్కు ఆనించి, రంగుగీత గడి కింద వేలు పెట్టి వెతుకుతున్నాడు.

"లేదు" అన్నాడు. "లేదమ్మా. నిజంగానే లేదు." ఆయన మొహం వెలిగిపోయింది. మనిషి చచ్చిపోయిన కేసులో అంత సంతోషం ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ చూడలేదు. చూడలేక పక్కకి తిరిగింది.

* * *

తాళానికి బేడీలు వేశారు. గుమ్మం దాటకముందే డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ క్షణం నుంచి ఆసుపత్రిలో ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా ఉండటానికి వీల్లేదు. పెద్దవీ లేవు, చిన్నవీ లేవు. అన్నీ పీకెయ్యండి."

"సార్, చంపింది ఈయన ఎంచుకున్నది కాదు. మీ ఆఫీసరు బలవంతంగా పెట్టింది" అంది ఇన్‌స్పెక్టర్. "ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటారా? ఎలకని నేను తీసుకెళ్తున్నాను కదా."

"మీరు చెప్పింది నాకు అర్థమైంది మేడమ్. బోర్డుకి అర్థం కాదు. పత్రికలకి అసలే అర్థం కాదు. ఎక్స్‌టెన్షన్ వల్ల మనిషి పోయింది. జనం అదే చదువుతారు."

గుమ్మంలో తాళం ఆగాడు. వెనక్కి తిరిగి డైరెక్టర్ని చూశాడు. బేడీలతోనే నవ్వాడు. కడుపు నిండిన మనిషి నవ్వే నవ్వు.

"మంచి నిర్ణయం సార్" అన్నాడు.

కానిస్టేబుల్ ఆయన మెడ పట్టి బయటికి తోశాడు. అలా తోయకూడదు. ఇన్‌స్పెక్టర్ చూడనట్టు ఊరుకుంది.

ఆమె కిందకి వెళ్ళేసరికి ఫార్మసీలో కంప్యూటర్ల కుర్రాడు పని ముగించి లేస్తున్నాడు. "సారీ సార్, ఆర్డరు" అని గొణిగి వెళ్ళిపోయాడు. తెరమీద అక్షరాలు చీమల బారులాగా అయిపోయాయి. ఫార్మసిస్టు వంగాడు. ముక్కు ఆనించాడు. కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు.

"చదవండి సార్" అంది అసిస్టెంటు అమ్మాయి మెల్లిగా. "పోనీ నేను చదువుతాను. మీరు సరే అనండి, చాలు."

"చూడకుండా సరే అననా?"

"ఎవరికి తెలుస్తుంది సార్?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తెల్లకోటు విప్పి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టాడు. పైనుంచి ఫోన్ వచ్చింది. వార్డుకి సిరంజిలు ఎందుకు ఆలస్యమవుతున్నాయని ఎవరో అరుస్తున్నారు.

ఇన్‌స్పెక్టర్ ఆయన చెయ్యి పట్టుకుంది. "మాస్టారూ, నేను బోర్డుకి రాస్తాను. మీ తప్పు ఏమీ లేదని నా రిపోర్టులో ఉంది. కాపీ మీకూ ఇస్తాను."

ఆయన ఆమె గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"చంపలేదని నువ్వు రాసిచ్చావు తల్లీ. చదవగలనని ఎవరు రాసిస్తారు?"

జలగ అని పేరుపడ్డ మనిషే ఆయన చెయ్యి వదిలేసింది. ఆయన గోడ తడుముకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వెనకాల అమ్మాయి ఒక్కతే తెర చూసి పైకి చదివింది, తనే సరే అనుకుని, తర్వాతి సిరంజి నింపడం మొదలుపెట్టింది.